బరకం కింద నీలం

బోటు మీద టార్పాలిన్ బరకం కప్పడానికి నలుగురు కావలసి వచ్చారు. తాళ్లు బిగించడానికి మాత్రం తనొక్కడే చాలన్నాడు డ్రైవరు రాజరత్నం. రెండు నెలల పాటు తాళ్లరేవు షెడ్డులో తయారైన ఇరవై రెండడుగుల ఫైబరు బోటు ట్రైలరు మీద ముక్కు పైకెత్తుకుని కూర్చుంది. రంగు ముదురు నీలం. ఆ నీలంలో పైకప్పు రేకులూ, ట్యూబులైటూ, చుట్టూ నిలబడ్డ మనుషులూ అంతా కనబడుతున్నారు. బరకం పడేసరికి అందరూ మాయమయ్యారు.

ఓనరు వెంకటరాజు గారి తల్లి సంపూర్ణమ్మ గారు పసుపు గుడ్డ తెచ్చి, బోటు ముక్కున ఉన్న ఇనప రింగునీ బరకం తాడునీ కలిపి మూడు ముళ్లు వేశారు. ఆ ఇంట్లో అది మూడు తరాల ఆచారం. కొత్త పడవకి రేవు చేరేదాకా పరాయి కళ్లు తగలకూడదు. చెక్క పడవలు కట్టిన రోజుల్లో షెడ్డు నుంచి కాలవ పాతిక గజాలే. పాత పంచెలు నాలుగు కప్పి, తోసుకుపోయి దింపేసేవారు. ఇప్పుడివి ఫైబరు బోట్లు, కొనేవాళ్లు ఎక్కడెక్కడి వాళ్లో. ఈ బోటు వెళ్లాల్సింది కడప వైపు ఒక రిజర్వాయరుకి, ఆరొందల కిలోమీటర్లు. పాతిక గజాలకి పెట్టుకున్న ఆచారాన్ని ఆరొందల కిలోమీటర్లకి సాగదీయడం కష్టమని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ మాట తోచింది ఒక్క రెబెక్కాకే. నాలుగు నెలల కిందట నోరు తెరిచి చెప్పింది కూడా. అప్పుడు షెడ్డులో పాలిషు పని ఆమెది. ఆమె చేతి మీదుగా వెళ్లిన మెరూను బోటు ఇలాగే బరకం కప్పుకుని దూరం పోయి, ఒంటి నిండా పాలిపోయిన మచ్చలతో దిగింది. వెంకటరాజు గారు స్వయంగా వెళ్లి చూసొచ్చారు. వచ్చిన రోజు షెడ్డు మధ్యలో నిలబడి, పదకొండు మంది వింటుండగా, రెబెక్కా చెయ్యి పాలిషుకి పనికిరాదన్నారు. బరకం రాసుకుందండి అని ఆమె అంటే, గుడ్డ రాసుకుంటే మచ్చలు పడతాయా అని నవ్వారు. మర్నాటి నుంచి ఆమెని గ్రైండింగులోకి మార్చి, పాలిషుకి కాకినాడ నుంచి రమేష్ బాబుని తెచ్చుకున్నారు.

గ్రైండింగంటే ఫైబరు అంచులు కోసి అరగదీయడం. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా, చేతులకి కొబ్బరినూనె పట్టించుకున్నా ఆ పొడి ఎలాగోలా ఒంట్లో దూరుతుంది. అయినా రెబెక్కాకి దురద కన్నా మాటే ఎక్కువ గుచ్చుకుంది. నోట్లో నువ్వుగింజ నానని ఊరు. వారం తిరక్కుండా పక్క షెడ్డులన్నిటికీ ఆ మాట పాకింది. రెండు చోట్ల పాలిషు పని అడిగి చూసింది. రెండు చోట్లా మొహమాటంగా చేతుల వైపు చూసి, కబురు చేస్తామన్నారు.

బోటుని నీళ్లలోకి దింపేముందు తుడవడానికి ఒక మనిషి ట్రైలరుతో వెళ్లాలి. వెంకటరాజు గారూ రమేష్ బాబూ మర్నాడు కారులో వస్తారు. ఎవరు వెళ్తారని అడగ్గానే రెబెక్కా తను వెళ్తానంది. రాజరత్నం ఆమెకి సొంత పిన్ని మొగుడు, కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. తను ఎందుకు వెళ్తానందో మాత్రం ఆమెకి బాగా తెలుసు. రమేష్ బాబు చేసిన పాలిషు మీద కూడా ఆ మచ్చలే పడాలి. అవి పడటం తను కళ్లారా చూడాలి. అప్పుడిక ఎవరి చెయ్యి మంచిది కాదంటారో వినాలి. ఇది ప్రార్థనలో అడిగే కోరిక కాదు. అయినా అడిగింది.

తెల్లవారుతూనే బొలేరో వెనక ట్రైలరు తగిలించుకుని బయలుదేరారు. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి గోదావరి మీది గాలి అడ్డంగా కొట్టింది. రెబెక్కా పక్క అద్దంలోంచి చూసింది. బరకం పూరీలా పొంగి, మళ్లీ బోటుకి అతుక్కుంది. పొంగడం, కొట్టుకోవడం, పొంగడం, కొట్టుకోవడం. వంతెన పొడుగునా అదే చప్పుడు. ముమ్మిడివరంలో రాజరత్నం బండి ఆపి తాళ్లు మళ్లీ బిగించాడు. బిగించినంత సేపూ ఏదో గొణుక్కున్నాడు.

"వదులైతే కొట్టుకుంటది. బిగిస్తే తాడు కోసుకుంటది. ఏం చెయ్యమంటావు?" అన్నాడు బండెక్కుతూ.

రెబెక్కా ఏమీ చెయ్యమనలేదు. అమలాపురం, కొత్తపేట దాటి రావులపాలెంలో పెద్ద రోడ్డు ఎక్కారు. సిద్ధాంతం వంతెన మీద మళ్లీ గాలి. ముందు లారీలు లేపిన దుమ్మంతా బరకం అంచుల కిందకి పోతోంది. ఆ ఇసక లోపల ఏం చేస్తుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాలిషు చేసే మనిషికి తడిపి రుద్దే నీళ్ల కాగితం తెలుసు, ఇసక తెలుసు, రుద్దితే ఏమవుతుందో తెలుసు. ఇక్కడ రుద్దేది గాలి, అంతే తేడా.

తణుకులో టిఫినుకి ఆగారు. రాజరత్నం చేతులు కడుక్కునే లోపల ఆమె ట్రైలరు ఎక్కి, ముక్కు పక్కన తాడు కొద్దిగా వదులు చేసి, బరకం అంచు ఎత్తి చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్ల కింద అద్దంలా జారిపోతున్న ఫైబరు ఒకచోట జారడం మానేసింది. వంగి చూసింది. అరచెయ్యంత మచ్చ. నీలం మీద విబూది పూసినట్టు ఉంది.

ఆమెకి సంతోషం కలిగింది. నాలుగు నెలల తరవాత కడుపు నిండా కలిగిన సంతోషం అది. ఫోను తీసి ఫొటో కొట్టింది. చూస్తే మచ్చ లేదు, మెరుపులో తన మొహమూ పైన ఆకాశమూ ఉన్నాయి. నాలుగు వైపుల నుంచీ తీసింది. నాలుగింట్లోనూ తన మొహమే పడింది. పోనీలే, అక్కడికి వెళ్లేసరికి ఇంతకి పదింతలవుతుంది, ఫొటోల పనేముంది అనుకుంది.

రాజరత్నం వెనక నిలబడి ఉన్నాడు. మచ్చ చూశాడు. ఆశ్చర్యపోలేదు. ఇడ్లీ చల్లారిపోతోందని చెప్పి వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో రెబెక్కాకి ఒక సంగతి అర్థమైంది.

"పోయినసారి కూడా చూశావా, బాబాయ్?"

అతను హోటలు మెట్ల మీద ఆగాడు. "చూశాను. చీరాల దాటాక ఒకసారి ఎత్తి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"తాళ్లు కట్టింది నేను కదా. చెప్తే నా మీదకే వస్తది. బండి తాళాలు అక్కడ పెట్టి పొమ్మంటే ఈ వయసులో ఎక్కడికి పోతాను?"

ఆమె ఇడ్లీ తినలేకపోయింది. నాలుగు నెలల్లో అతను పదిసార్లు వాళ్లింటికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆమె చేతుల మీది దద్దుర్లు చూసి, వేపాకు కాచి కడుక్కోమన్నాడు. వేపాకు కూడా తనే తెచ్చి ఇచ్చాడు. మనిషి చెడ్డవాడైతే నాలుగు మాటలు అనడానికి వీలుండేది. వెళ్లి బండెక్కి కూర్చుంది.

తాడేపల్లిగూడెం దగ్గరపడుతుండగా ఫోను మోగింది. రమేష్ బాబు.

అతను షెడ్డుకి వచ్చిన నాలుగు నెలల్లో రెబెక్కా అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. అతనిదీ అంత తొందరగా కలిసే స్వభావం కాదు, కాస్త గొప్పలు కూడా. ఇప్పుడు గొంతులో ఆ గొప్పలేం లేవు. ఎంతవరకు వచ్చారని అడిగాడు, ఎండ ఎలా ఉందని అడిగాడు, వానేమైనా పడిందా అన్నాడు. అసలు సంగతికి రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

"బోటు ఎలా ఉందక్కా? ముక్కు దగ్గర రెండు రోజులు చేశాను. మొదటిరోజు నాకే నచ్చక మళ్లీ చేశాను. ఈ షెడ్డులో నా మొదటి పెద్ద బోటు కదా, పొద్దుటి నుంచి ఒకటే ఇదిగా ఉంది."

"బాగానే ఉంది," అంది రెబెక్కా.

ఫోను పెట్టేసి ఒళ్లో ఉన్న చేతుల వైపు చూసుకుంది. మెరూను బోటు వెళ్లిన రోజు తనూ ఇలాగే రాజరత్నానికి ఫోను చేసింది. అతనూ బాగానే ఉందన్నాడు. రేపు వెంకటరాజు గారు ఆ నీలం మీద మచ్చలు చూస్తారు. చూసి బరకాన్ని అంటారా? అనరు. బరకాన్ని అంటే తల్లి కట్టిన ముడిని అన్నట్టే. కాకినాడ వాడి చెయ్యి కూడా ఇంతే అంటారు. ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. మచ్చలు పడితే తన మీద పడ్డ మాట పోతుందని ఆమె రాత్రంతా అనుకుంది. మాట పోదు, ఇద్దరు పంచుకుంటారు, అంతే.

పది నిమిషాలు అలాగే కూర్చుంది. మచ్చ పెరగనిస్తే ఒక్క రమేష్ బాబైనా తనని నమ్ముతాడు కదా అని కూడా అనుకుంది. ఆ ఒక్క నమ్మకం కోసం కూడా ప్రాణం కొట్టుకులాడింది. వెనక బరకం టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఒక్కో దెబ్బా ఆ నున్నటి ముక్కు మీద ఎక్కడ పడుతోందో ఆమెకి అద్దం చూడకుండానే తెలుస్తోంది. పాలిషు ఎవరు చేస్తేనేం, అంత నున్నన తేవడానికి భుజం ఎంత లాగేస్తుందో ఆమెకి తెలుసు.

"బండి ఆపు, బాబాయ్. బరకం తీసేద్దాం."

రాజరత్నం కాలవ పక్కన నీడ చూసి ఆపాడు గానీ దిగలేదు. "తీస్తే మచ్చ ఇక పెరగదు. పెరక్కపోతే నీ మాటెవరు నమ్ముతారు? నీకున్న సాక్ష్యం అదొక్కటే."

"తెలుసు."

"మరి?"

"ముక్కు దగ్గర రెండు రోజులు చేశాట్ట," అంది.

సంపూర్ణమ్మ గారి ముడి జోలికి వాళ్లు పోలేదు. మిగిలిన తాళ్లన్నీ విప్పి, బరకాన్ని వెనక నుంచి ముందుకి చాపలా చుట్టుకుంటూ వచ్చి, ఆ చుట్టని బోటు లోపలికి దించేశారు. పసుపు గుడ్డ రింగుకి అలాగే ఉంది. అప్పుడు రెబెక్కా కాలవ నీళ్లు బకెట్టుతో తెచ్చి ముక్కంతా కడిగింది. ఇసక పోయేదాకా గుడ్డ తగలనివ్వలేదు. తుడుపు సామాను సంచీలోంచి పాలిషు కాంపౌండు డబ్బా తీసి, నూలుగుడ్డకి బఠాణీ గింజంత అద్దుకుని, మచ్చ మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. మెషిను లేదు, ఉన్నా కరెంటు లేదు. ముందు గట్టిగా, తరవాత తేలిగ్గా, చివరికి ఊపిరి తగిలినంత మెత్తగా. గంటంపావు పట్టింది. రాజరత్నం ఎండ పడకుండా తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు గానీ తువ్వాలు దించలేదు.

విబూది లాంటి తెలుపు మెల్లగా తగ్గి, బూడిదరంగై, నీలంలో కలిసిపోయింది. కాలవా గట్టూ అందులో కనబడ్డాయి. తన సాక్ష్యాన్ని తనే చెరిపేసుకున్న మనిషికి ఉండాల్సిన బాధ ఆమెకి ఉంది. దాంతోపాటే, నాలుగు నెలల తరవాత పాలిషు పట్టిన చేతికి హాయిగా కూడా ఉంది. ఆ రెండూ ఏలూరు దాకా ఆమెతోనే వచ్చాయి.

ఆ తరవాత బోటు బహిరంగంగా వెళ్లింది. టోలుగేటు దగ్గర బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూశారు. విజయవాడలో ఒక పోలీసాయన ఎన్ని సీట్లని అడిగాడు. పరాయి కళ్లు ఎన్ని పడ్డాయో లెక్కలేదు. ఇంత మంచి బోటుని చూడనియ్యకుండా తీసుకుపోవడమేంటి అనిపించింది రెబెక్కాకి. సాయంత్రం అద్దంకి దాటాక పెట్రోలు బంకులో ఆగి పడుకుని, తెల్లవారి మళ్లీ బయలుదేరారు.

రిజర్వాయరుకి రెండు మైళ్ల ఇవతల రాజరత్నం మళ్లీ ఆపాడు. బరకం కప్పకుండా కనబడితే సంపూర్ణమ్మ గారి మాట కాదన్నారని ఇద్దరినీ పీకేస్తారన్నాడు. రెబెక్కా కాదనలేదు. బోటంతా కడిగి తుడిచి, బరకం దులిపి, మెల్లగా వెనక్కి పరిచింది. దీనర్థం ఏమిటో ఆమెకి తెలుసు. మచ్చల్లేకుండా బరకం కింద దిగే బోటు, బరకం తప్పేం లేదని చెబుతుంది. పోయినసారి తప్పు రెబెక్కా చేతిదేనని చెబుతుంది. చివరి తాడు తనే కట్టింది.

బోటు కొన్న రిసార్టు వాళ్లు రేవు దగ్గర కుర్చీలు వేసి, పూలదండ, కొబ్బరికాయలు సిద్ధం చేసుకున్నారు. వెంకటరాజు గారి కారు అప్పటికే వచ్చింది. వాళ్లలో పెద్దాయన ఒకరు పసుపు ముడి విప్పారు, బరకం తీశారు. నీలం ఎండలో ధగధగలాడింది. వెంకటరాజు గారు చుట్టూ తిరిగి చూసి, మొహమంతా వికసించి, రిసార్టు వాళ్లకి చెబుతున్నట్టు గట్టిగా అన్నారు.

"చూశారా, ఆరొందల కిలోమీటర్లు బరకం కిందే వచ్చింది. గీత లేదు. చేసిన చెయ్యి మంచిదైతే బరకం ఏం చేస్తదండి?"

రెబెక్కా బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. చూడనక్కర్లేదు, మాట చేరింది.

రమేష్ బాబు మెత్తటి గుడ్డతో ముక్కు తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగాడు. తల పక్కకి వంచి వెలుగు వాలుగా పడేలా చూశాడు. వేళ్లతో తడిమాడు. మళ్లీ చూశాడు. తను మెచ్చుకోలు పొందుతున్న సమయమది. నోరు మూసుకుంటే సరిపోయేది.

"ఇక్కడిది నా పని కాదండి," అన్నాడు.

"ఏంటి?" అన్నారు వెంకటరాజు గారు.

"మెషిను పెడితే వెలుగు గుండ్రంగా తిరుగుతుందండి. ఈ అరచెయ్యంత మేరా నిలువుగా పారుతోంది. ఎవరో చేత్తో రుద్దారు. నా దాని కన్నా నున్నగా ఉంది." అతను రెబెక్కా వైపు తిరిగాడు. "మచ్చ లేకుండా ఎవరూ రుద్దరు కదక్కా. ఏమైంది?"

ఆమె రాజరత్నం వైపు చూసింది. అతను చెప్పకపోతే తనూ చెప్పదలుచుకోలేదు. అతను తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తణుకుకే మచ్చ పడిందండి. గూడెం దగ్గర బరకం తీసేశాం. అమ్మగారి ముడి మాత్రం ముట్టుకోలేదు. ఈ అమ్మాయి గంటంపావు కూర్చుని మచ్చ పోగొట్టింది. మిగతా దారంతా బోటు బోసిగానే వచ్చిందండి." ఆగి, మిగిలింది కూడా చెప్పేశాడు. "పోయినసారి మెరూనుదానికీ ఇంతేనండి. నేను కళ్లారా చూశాను. భయపడి చెప్పలేదు."

వెంకటరాజు గారు బోటు ముక్కు దగ్గరికి వెళ్లి, తల పక్కకి వంచి, రమేష్ బాబు చూసిన చోటే చూశారు. ఆయనకీ చెయ్యి తిరిగిన పనే, చిన్నప్పుడు చెక్క పడవలకి నీళ్లు దూరకుండా కీలు పూసిన మనిషి. కొబ్బరికాయ కొట్టించి బోటుని నీళ్లలోకి దింపమన్నారు.

సాయంత్రం ట్రైలరు ఖాళీగా తిరిగి బయలుదేరేముందు ఆయన బొలేరో దగ్గరికి వచ్చారు. రాజరత్నాన్ని ఏమీ అనలేదు. సోమవారం నుంచి పాలిషులోకి వచ్చెయ్యమన్నారు రెబెక్కాని. రమేష్ బాబూ ఉంటాడు, ఇద్దరికీ పనుందన్నారు. ఇంతకన్నా ఏం కావాలన్నట్టు నిలబడ్డారు.

"వస్తానండి," అంది రెబెక్కా. "ఆ రోజు షెడ్డులో అందరి ముందూ అన్నారు కదండీ. ఎక్కడన్నారో అక్కడే అనండి."

ఆయన మొహం ముడుచుకుంది. సరేనని గానీ కాదని గానీ అనకుండా కారెక్కారు.

సోమవారం పొద్దున్న షెడ్డులో అచ్చులోంచి కొత్త బోటు తీస్తున్నారు. సంపూర్ణమ్మ గారికి కొడుకు సంగతంతా చెప్పినట్టున్నాడు. ఆవిడ పీటేసుకుని కూర్చుని, ముసుగంటే మొహం వరకే గానీ ఒళ్లంతానా, ఇకనుంచి ముక్కుకి పసుపు గుడ్డ కడితే చాలు అని, అదేదో తను మొదటి నుంచీ చెబుతున్నట్టు చెబుతున్నారు. వెంకటరాజు గారు లోపలికి వచ్చి గ్రైండరు ఆపమన్నారు. చప్పుడు ఆగింది. అంతా తలలెత్తారు.

"మెరూను బోటుకి మచ్చలు పడ్డది పాలిషు వల్ల కాదు. బరకం వల్ల," అన్నారు. అక్కడితో ఆగిపోతారేమో అనుకున్నారంతా. ఆయన గొంతు సవరించుకున్నారు. "రెబెక్కా చెయ్యి మంచిదే. నేనన్న మాట తప్పు. ఇది పక్క షెడ్డుల వాళ్లకి కూడా చెప్పండి."

ఈ మాట వింటే సంతోషం వస్తుందని నాలుగు నెలలుగా అనుకుంది రెబెక్కా. సంతోషం రాలేదు. కోపం వచ్చింది. చెప్పలేనంత కోపం, ఇన్నాళ్లూ రావడానికి చోటు దొరకని కోపం. ఇంత చిన్న మాటా, ఇంత తేలికా అనుకుంది. అందరూ తనవైపే చూస్తున్నారని తెలిసి, దద్దుర్లు పడ్డ చేతుల్ని దాచుకోకుండా అలాగే ఉంచింది.

"అలాగేనండి," అంది. రమేష్ బాబు పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె వెళ్లి కొత్త బోటు ముక్కు మీద చెయ్యి వేసింది.